పైడమ్మ గోతికి పదం లేదు

మా కొత్తగెడ్డ పురపాలక సంఘం ఇంజనీరింగ్ విభాగంలో నేను పదిహేడేళ్ళుగా ఫైళ్ళకు నంబర్లు వేస్తున్నాను. పేరు సదాశివం, హోదా జూనియర్ అసిస్టెంటు. ఈ పదిహేడేళ్ళలో ఫైళ్ళు పుట్టడం చూశాను, బల్ల మీంచి బల్ల మీదికి నడవడం చూశాను, ఒక ఫైలుని ఎలుక పగటిపూటే ఈడ్చుకుపోవడం కూడా చూశాను. ఫైలు మూసెయ్యడం మాత్రం చూడలేదు. అలాంటి ఆచారం మా ఆఫీసులో లేదు.

ఇంతలో కమిషనరుగా ధర్మలింగం గారు వచ్చారు. ఆయన నిజాయితీపరుడు, లంచం ముట్టడు, కాఫీ కూడా ఇంటినుంచే ఫ్లాస్కులో తెచ్చుకుంటాడు. ఆయనకున్న వ్యసనమల్లా ఒకటే. సెల్‌ఫోనులో రోజుకో ఇంగ్లీషు పదం దాక్కుని ఉంటుంది, అయిదు అక్షరాలది. దాన్ని ఆరు ప్రయత్నాల్లో కనిపెట్టాలి. అది దొరికేదాకా ఆయన కాగితం మీద కలం పెట్టడు. మూడో ప్రయత్నంలో దొరికిన రోజు సెలవు చీటీలన్నీ మంజూరయ్యేవి. ఆరింటికీ దొరకని రోజున ఆయన గది ముందునుంచి మేము చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్ళేవాళ్ళం.

ఆయన వచ్చిన నెలకే ఒక పొరపాటు బయటపడింది. శ్మశానం ప్రహరీ గోడ ఫైలు 1786. పిల్లల పార్కులో ఉయ్యాల ఫైలు 1876. ఎక్కడో ఎవరి చేతిలోనో అంకెలు తారుమారై, పార్కు చుట్టూ ఎత్తయిన గోడ లేచింది, శ్మశానంలో ఉయ్యాల వెలిసింది. ఎక్కడో అంటున్నాను గాని, ఆ చెయ్యి నాదే.

కమిషనరు గారు నన్ను తిట్టలేదు. మమ్మల్నందర్నీ పిలిచి కూర్చోబెట్టి, ఎంతో శాంతంగా అన్నారు:

"తప్పు సదాశివం గారిది కాదు. తప్పు అంకెది. అంకెకు ముఖం ఉండదు, పర్సనాలిటీ ఉండదు. పదానికి ఉంటుంది. ఇకమీదట మన ఫైళ్ళకు నంబర్లుండవు. పదాలుంటాయి."

మా సూపరింటెండెంటు బెహరా గారు రిటైర్మెంటుకి రెండేళ్ళ దూరంలో ఉన్న మనిషి. ఆయన దేనికీ అడ్డు చెప్పరు. "చిత్తం సార్, విప్లవాత్మకం సార్" అన్నారు.

సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది. 'ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, ఇకపై ప్రతి ఫైలునకు ఒక ఆంగ్ల పదము కేటాయించబడును. సదరు పదము ఖచ్చితముగా అయిదు అక్షరములు కలదై ఉండవలెను. అందు కొత్తగెడ్డ పట్టణమునకు గుర్తుగా కె అక్షరమును, ఇంజనీరింగు విభాగమునకు గుర్తుగా ఇ అక్షరమును విధిగా ఉండవలెను. బహువచనములు దుబారాగా పరిగణించి తిరస్కరించబడును. ఆమోదిత నిఘంటువులో లేని పదము పదము కాదు.'

ఆమోదిత నిఘంటువు అంటే, కమిషనరు గారికి తొమ్మిదో తరగతిలో వ్యాసరచన పోటీలో బహుమతిగా వచ్చిన జేబు నిఘంటువు. ఎం అక్షరం దగ్గర కొన్ని పేజీలు చెదలు తినేశాయి. దాన్ని నా చేతికిచ్చి, నన్ను పదపాలకుడిగా నియమించారు. జీతంలో మార్పు లేదు.

మూడు రోజులు కూర్చుని వెతికాను. అయిదు అక్షరాలు, అందులో కె ఉండాలి, ఇ ఉండాలి. ఇంగ్లీషు సముద్రమంటారు. మా వాటాకి వచ్చింది అరవై మూడు.

పాత ఫైళ్ళన్నీ గోనెసంచుల్లో కుక్కి, మూతులు కుట్టి, 'చరిత్ర' అని చీటీలంటించాం. చరిత్రలో కలిసిపోయిన పనులు కావలసినవాళ్ళు మళ్ళీ అర్జీ పెట్టుకోవాలి. వచ్చినవాళ్ళకు వచ్చినట్టుగా పదాలు పంచాను. మార్కెట్ వీధి మురుగు కాలువకు 'చోక్' వచ్చింది. పాత బస్టాండు రోడ్డు రోలరుకి 'బ్రేక్' వచ్చింది. వంకర తిరిగిన వీధి దీపం స్తంభానికి 'నైఫ్' వచ్చింది. పదకొండో వార్డు కౌన్సిలరు గారి ఇంటి రోడ్డుకి 'జోకర్' వచ్చింది. ఆయన మనుషుల్ని వెంటేసుకుని వచ్చి గొడవ చేశాడు. కమిషనరు గారు చిరునవ్వుతో, "పదంలో అవమానం లేదండీ. దాన్ని వినే చెవిలో ఉంటుంది" అన్నారు. చివరికి 'జోకర్' తీసుకుని 'బేకర్' ఇచ్చాం. కౌన్సిలరు గారు శాంతించి వెళ్ళారు.

ఇరవై రెండు రోజుల్లో అరవై మూడు పదాలూ అయిపోయాయి.

అది నేను కమిషనరు గారికి చెప్పినప్పుడు ఆయన ముఖంలో కంగారు లేదు. "ఏ పదం ఖాళీ అయితే ఆ పదం తర్వాతివాళ్ళకివ్వండి. అంతవరకు నిరీక్షణ జాబితా రాయండి" అన్నారు. ఫైలు మూస్తేనే పదం ఖాళీ అవుతుందని ఆయనకు తెలుసు. మా ఆఫీసులో ఫైళ్ళు మూయరని ఆయనకింకా తెలియదు. నేను చెప్పబోయాను గాని, ఆయన అప్పటికే ఫోను తీశారు. అయిదో ప్రయత్నంలో ఉన్నారు.

పైడమ్మ వచ్చింది ఆ మర్నాడే.

పైడమ్మది కోమటివీధి మలుపులో టిఫిను కొట్టు. ఇడ్లీ, పెసరట్టు, అల్లం చట్నీ. నెలన్నర కిందట నీటి పైపు లీకవుతోందని మా వాళ్ళే సరిగ్గా ఆమె కొట్టు గుమ్మం ముందు గొయ్యి తవ్వారు. మనిషి లోతు, మంచం పొడుగు. లీకు ఆగింది, గొయ్యి ఉండిపోయింది. తవ్వడం నీటి సరఫరా శాఖ పని. పూడ్చడం రోడ్ల శాఖ పని. అందుకు వేరే ఫైలు కావాలి.

"ఏటి బాబూ, గొయ్యి కప్పడానికి ఇంగిలీసు మాట కావాలంటున్నారు? పలుగూ పారా సాలదా?" అంది.

"మాటలు అయిపోయాయమ్మా. జాబితాలో రాస్తాను. నీది నలభై ఒకటి."

"అయిపోనాయా? దొరలు అంత మాట్లాడీవోరు, అయిపోడవేటి?"

నేను ఉత్తర్వు చదివి వినిపించాను. ఆమె చివరిదాకా విని, నిట్టూర్చి, గోతి సంగతి చెప్పుకుంది. గోతి మీద బల్లచెక్క వేస్తే ఒక ముసలాయన జారాడట. అప్పట్నుంచి జనం అవతలి గట్టునే నిలబడి అడుగుతున్నారట. ఈమె ఇవతలినుంచి పొట్లాలు విసురుతోంది. పట్టుకోవడం వచ్చినవాళ్ళే ఖాతాదారులుగా మిగిలారు. చట్నీ విసరడం కుదరదు.

"ఆసాడం వచ్చిందంటే గొయ్యంతా నీరు. ఆపైన కొట్టు ఒగ్గీసి ఎలిపోడవే" అంది. ఇరవై ఏళ్ళుగా ఆ పొయ్యి ఆరలేదని నాకు తెలుసు. నాకు నిజంగా జాలేసింది. జాలేసినప్పుడు మేము చేసేది ఒకటే, కుర్చీ చూపిస్తాం.

ఆమె కూర్చుంది. కూర్చుని, బీరువాకేసి చూస్తూ, ఈ పదిహేడేళ్ళలో నన్నెవరూ అడగని ప్రశ్న అడిగింది.

"బాబూ, ఇందల ఏ పని కొంచెంలో ఆగిపోనాదో సూడు."

చూశాను. 'నైఫ్' ఫైలులో అన్నీ ఉన్నాయి. అంచనా ఉంది, ఆమోదం ఉంది, కొత్త దీపస్తంభం కూడా గోదాములో పడి ఉంది. అసిస్టెంటు ఇంజనీరు, అదే మా ఏఈ గారు, వెళ్ళి నిలబెట్టించి సంతకం పెడితే సరి.

పైడమ్మ లేచి వెళ్ళి, స్టూలు ఒకటి లాక్కుని ఏఈ గారి బల్ల ముందు కూర్చుంది. ఆయన ఎటు తిరిగితే అటు స్టూలు జరిపింది. భోజనానికి వెళ్తే వెంట వెళ్ళి గుమ్మంలో నిలబడింది. మూడో రోజు మధ్యాహ్నం ఆయన లేచి, "నీ ఇంటి దీపమా అది?" అని అరిచాడు.

"కాదు బాబూ. ఆ ఈది ఎక్కడుందో కూడా నాకు తెల్దు" అంది పైడమ్మ.

ఆ సాయంత్రం స్తంభం లేచింది, దీపం వెలిగింది. 'నైఫ్' ఫైలు మూశాను. ముద్ర ఎక్కడ వెయ్యాలో బెహరా గారిక్కూడా తెలియలేదు, అట్ట మీద వేశాం.

ఖాళీ అయిన పదం మాత్రం పైడమ్మకి రాలేదు. జాబితాలో మొదటివాడు సోమయాజులు మేస్టారు. రిటైరైన లెక్కల పంతులు గారు, తమ సందులో కల్వర్టు కోసం కాచుకుని ఉన్నారు. 'నైఫ్' ఆయనకిచ్చాను. ఆయన రసీదు చూసుకుని, పైడమ్మ కేసి చూసి, లెక్క కట్టారు.

"అమ్మా, నీకు పదం రావాలంటే ఇంకా నలభై పనులు పూర్తి కావాలి. ముందున్నవాళ్ళందరికీ అదే బాధ. విడివిడిగా లాభం లేదు. మనమంతా కూర్చోవాలి."

అంతా కూర్చున్నారు. పైడమ్మ కొట్టు ముందు, గోతికి అవతలి గట్టున. నలభై ఒక్క మంది. ఎవరి పని వాళ్ళు అడిగితే లాభం లేదు గనక, తమవి కాని పనుల కోసం బయలుదేరారు. చేపల వీధివాళ్ళు వెళ్ళి బ్రాహ్మణ వీధి కుళాయి కోసం ధర్నా చేశారు. బ్రాహ్మణ వీధివాళ్ళు చేపల మార్కెట్టు పైకప్పు కోసం ఇంజనీరు గారిని జీపు దిగనివ్వలేదు. కౌన్సిలరు గారి రోడ్డు పూర్తి కావాలని ఆయన చేతిలో ఓడిపోయినాయన నిరాహారదీక్షకు కూర్చున్నాడు. 'చోక్' మూసుకుంది, మురుగు పారింది. 'బ్రేక్' మూసుకుంది, రోడ్డు రోలరు కదిలింది. ఖాళీ అయిన పదంతో కొత్త ఫైలు తెరిస్తే, అది కూడా పది రోజుల్లో మూయించారు.

రెండు నెలల్లో మా ఊరు నాకే గుర్తు పట్టరానంత మారిపోయింది. కమిషనరు గారు పొంగిపోయారు. "చూశారా, పదం శక్తి!" అన్నారు. జిల్లా సమావేశంలో 'అక్షర పాలన, ఒక వినూత్న నమూనా' అని ప్రసంగించి, శాలువా కప్పించుకుని వచ్చారు.

బెహరా గారు మాత్రం చిక్కిపోయారు. ఖాళీ బీరువా తలుపు తీసి, లోపలికి చూసి, మళ్ళీ వేసేవారు. "ముప్పై ఆరేళ్ళ సర్వీసులో ఈ అరలు ఖాళీగా చూడలేదయ్యా సదాశివం. ఇదేం మంచికి కాదు" అనేవారు.

మా ఇంటి సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. మా సందులో కుళాయికి ఏడాదిగా నీళ్ళు రావు. బుస్సుమని గాలి వస్తుంది. మా ఆవిడ రెండు వీధులవతల్నుంచి బిందెలు మోస్తోంది. "ఊరందరికీ పదాలు పంచుతున్నారు కదా, మనకొకటి రాసుకోకూడదా?" అని అడిగింది. పదపాలకుణ్ణి అయ్యుండి జాబితాలో నిలబడటానికి నాకు నామోషీ అనిపించింది. మన చేతిలో పనే కదా, రేపు చూద్దాంలే అన్నాను. రోజూ అదే అన్నాను.

ఊళ్ళో అడగవలసిన పనులన్నీ అయిపోవచ్చాయి. మూసిన ఫైళ్ళు ఎన్నున్నా, పదం ఖాళీ అయిందని కమిషనరు గారు రోజుకొకదానికే సంతకం పెట్టేవారు గనక, జాబితా ఒక్కొక్కటిగా తరిగి, చివరికి పైడమ్మ ఒక్కతే మిగిలింది. ఒక సోమవారం ఉదయం ఆమెకు పదం ఇచ్చాను. 'టోకెన్'. ఆమె ఆ కాగితాన్ని కళ్ళకద్దుకుంది.

ఆ మధ్యాహ్నమే ప్రాంతీయ కార్యాలయం నుంచి లేఖ వచ్చింది.

'మీ ఇంజనీరింగు విభాగమునందు పెండింగు ఫైళ్ళ సంఖ్య తొమ్మిదికి పడిపోయినట్లు గమనించడమైనది. నిబంధనల ప్రకారము యాభై పెండింగు ఫైళ్ళకు ఒక ఉద్యోగి చొప్పున, మీకు ఒక ఉద్యోగి సరిపోవును. మిగిలిన పదకొండు మందిని, సూపరింటెండెంటుతో సహా, మారుమూల కొండ ప్రాంత పంచాయతీలకు సర్దుబాటు చేయుటకై పేర్లు పంపవలెను. గడువు శుక్రవారము.'

ఆ లేఖ చదివి బెహరా గారు కుర్చీలో కూలబడ్డారు. ఎవరో మజ్జిగ తెచ్చారు. కమిషనరు గారి గదిలో అత్యవసర సమావేశం జరిగింది. ఆ రోజు ఆయనకు ఆరు ప్రయత్నాల్లోనూ పదం దొరకలేదు, అది కూడా తోడైంది.

"సార్, అంకెలకు అంతం లేదు సార్" అన్నారు బెహరా గారు, కళ్ళనీళ్ళతో. "అదే వాటిలో ఉన్న గొప్పతనం. ఎన్ని కావాలంటే అన్ని. ఏ ఫైలూ మూసే పని లేదు. మా పొట్ట కొట్టకండి సార్."

నాలుగు గంటలకు ఉత్తర్వు వచ్చింది. పద విధానం విజయవంతంగా పూర్తయినందున ముగించబడింది. పదాలున్న ఫైళ్ళన్నీ చరిత్ర. రేపటినుంచి ఒకటి నుంచి నంబర్లు. పెండింగు ఆరు వందలకు చేరేవరకు ఏ పనీ పూర్తి చెయ్యరాదని బెహరా గారు నోటిమాటగా చెప్పారు.

మర్నాడు పొద్దున్నే పైడమ్మ వచ్చింది. ఆకాశం మబ్బు పట్టి ఉంది. చేతిలో 'టోకెన్' కాగితం. నేను ఆమె కళ్ళలోకి చూడలేక గోనెసంచి కేసి చూశాను. అప్పటికే మూతి కుట్టేశాను.

"సెరిత్రా?" అంది.

"చరిత్ర" అన్నాను.

ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. తిన్నగా బెహరా గారి బల్ల దగ్గరికి వెళ్ళి, అదే స్టూలు లాక్కుని కూర్చుంది. ఆయన హడిలిపోయి, ఏ దాపరికం లేకుండా అంతా చెప్పేశారు. ఫైళ్ళు కావాలి, శుక్రవారంలోగా ఆరు వందలు కావాలి, ఊళ్ళో ఎవరికీ ఏ పనీ లేదు, అందరి పనులూ నీవల్లే అయిపోయాయి, మమ్మల్ని నువ్వే ముంచావు.

"అంతేనా? మీకు కాయితాలు కావాలి. నాకు గొయ్యి కప్పాలి" అంది పైడమ్మ. "కాయితాలు నానిప్పిస్తాను. ముందు గొయ్యి కప్పండి."

"ఫైలు లేకుండా ఎలా అమ్మా? రూల్సు ఒప్పుకోవు."

"ఆరొందలు మీకిత్తన్నాను. ఒకటి తగ్గితే ఏటి?"

బెహరా గారు నా వైపు చూశారు. నేను ఏఈ గారి వైపు చూశాను. ఆ మధ్యాహ్నం ఇంజనీరింగ్ విభాగం మొత్తం, పన్నెండు మందిమి, తాళం వేసి కోమటివీధికి నడిచాం. పదిహేడేళ్ళలో నేను పార పట్టుకోవడం అదే మొదటిసారి. బెహరా గారు పంచె ఎగ్గట్టి తట్టలు అందించారు. ఏఈ గారు మట్టి తొక్కారు. రెండున్నర గంటల పని. ఆఖరి తట్ట పడుతుంటే మొదటి చినుకు పడింది.

పైడమ్మ మాట తప్పలేదు. గొయ్యి ఉన్నచోట బల్ల వేసి, ఇడ్లీ తినడానికి వచ్చిన ప్రతివాడి దగ్గరా ఒక అర్జీ రాయించింది. బల్ల చివర మేస్టారు తెల్లకాగితాలు పెట్టుకుని కూర్చున్నారు. తీరా రాయమంటే ఎవరికీ ఏం రాయాలో తోచలేదు. పనులన్నీ అయిపోయాయి కదా. అందుకని కల్పించారు. నీళ్ళ ట్యాంకు చంద్రుడికి అడ్డొస్తోందని ఒకాయన రాశాడు. తమ వీధి గాలి పక్క వీధికి పోతోందని ఒకావిడ రాసింది. కొత్త వీధి దీపం వెలుతురులో తన భర్త గురక ఎక్కువైందని ఇంకొకావిడ ఆరోపించింది. శ్మశానంలో ఉయ్యాలకు ఇంకొకటి జత కావాలని ఇద్దరు వేర్వేరుగా కోరారు. అన్నీ తీసుకున్నాను. అన్నిటికీ నంబర్లు వేశాను. ఒకటి, రెండు, మూడు, హాయిగా చెయ్యి సాగింది.

గురువారం సాయంత్రానికి అయిదు వందల తొంభై తొమ్మిది దగ్గర ఆగింది.

"ఇంకొక్కటి సదాశివం, ఇంకొక్కటి!" అని బెహరా గారు ప్రాణం పోతున్నవాడిలా అరిచారు. ఆఫీసులో బయటివాళ్ళెవరూ లేరు. నేను కాగితం తీసుకుని, మా సందు కుళాయి గురించి రాశాను. ఏడాదిగా నీళ్ళు రావడం లేదనీ, నా భార్య నడుం పడిపోయిందనీ, దయచేసి పరిశీలించవలసిందనీ రాసి సంతకం పెట్టాను. నంబరు ఆరు వందలు.

మా ఉద్యోగాలు నిలబడ్డాయి. పెండింగు సంఖ్యలో వచ్చిన అద్భుతమైన పెరుగుదలకు ప్రాంతీయ కార్యాలయం మెచ్చుకోలు లేఖ పంపింది, అదనంగా ఒక బీరువా కూడా మంజూరు చేసింది. కమిషనరు గారు బదిలీ మీద పెద్ద ఊరికి వెళ్ళారు. వెళ్తూ వెళ్తూ నిఘంటువు నాకే ఇచ్చేశారు.

ఇది జరిగి పద్నాలుగు నెలలయింది. ఇప్పుడు మా నంబరు మూడు వేల రెండు వందలు దాటింది. నా ఆరు వందలు చంద్రుడి అర్జీ, గాలి అర్జీ ఉన్న కట్టలోనే ఉంది. వారానికోసారి దుమ్ము దులుపుతాను. ఒకరోజు ఉండబట్టలేక దాన్ని పట్టుకుని బెహరా గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన చదివి, నవ్వి, భుజం తట్టి, "నిజమైనదానిలాగే రాశావయ్యా" అని వెనక్కిచ్చారు.

మొన్న పైడమ్మ కొట్టులో నిలబడి పెసరట్టు తింటున్నాను. గొయ్యి ఉన్నచోటే బల్ల. జనం కిటకిటలాడుతున్నారు. పైడమ్మ చట్నీ వేస్తూ అడిగింది.

"ఏటి బాబూ, మీ ఆవిడ ఇంకా బిందిలు మోస్తంది? కుళాయి కోసం కాయితం ఎట్నేదేటి?"

"పెట్టానమ్మా. నంబరుంది" అన్నాను.

పైడమ్మ గరిటె గిన్నెలో పెట్టేసింది. ఆమె నన్ను అంత జాలిగా చూడటం ఎప్పుడూ చూడలేదు.

"మాటలున్నప్పుడే ఎట్టుకోవలసింది బాబూ" అని, కుర్చీ చూపించి, "కూకో. ఇంకోటి యేస్తాను" అంది.